కడగని తోడుగిన్నె

తలుపు ఈసారి కూడా తెరుచుకోలేదు.

"జంకు అరవై దాటింది. ఇవాళ బయటి నడక వద్దు," అంది రక్ష. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినంత తాపీగా అంది.

తరళ హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టింది. పెట్టింది అనేకంటే పడేసింది అనాలి. గాలిచొక్కా లోపలి ఉక్కకు జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. పదిహేడేళ్ళ పిల్ల, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, అవి కిందికి జారకుండా పైకి చూస్తోంది.

"పోనీలే తల్లీ," అంది మాణిక్యం వెనకనుంచి. "అది ఊరికే ఆపుతుందా? ఏ గాలి మారిందో, ఏ గుండీ వదులైందో! కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు."

"నీకు హాయిగా ఉంది కదమ్మా?"

"ఛీ, అదేం మాటే!"

"నీ మొహంలో కనిపిస్తూనే ఉంది. పిల్ల గడప దాటలేదని లోపల దణ్ణం పెట్టుకుంటున్నావు."

మాణిక్యం గట్టు మీది హెల్మెట్ తీసి తుడవసాగింది. నిజంగానే పెట్టుకుంటోంది మరి.

అంగారకుడి మీద పెద్ద లోయ గోడను ఆనుకుని ఉంటుంది లోయపేట. మొదటి ఓడలో కోనసీమ నుంచీ, కాకినాడ పక్క ఊళ్ళ నుంచీ వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఊరు. ఇప్పటికి మూడు తరాలైంది. గాజుకప్పు కింద ఇళ్ళు, ట్యాంకుల్లో తయారయ్యే పాలు, అరల్లో మొలిచే ఆకుకూరలు. ఇక్కడ పగటి ఆకాశం ఎర్రగా ఉంటుంది, పొద్దు గూకేవేళ నీలంగా మారుతుంది. భూమ్మీద ఇది తిరగబడి ఉంటుందని చెబితే పిల్లలు నవ్వుతారు. కప్పు దాటితే పీల్చే గాలి లేదు. అందుకే ఊరు మొత్తానికి ఒకే ఒక్క బయటి తలుపు, ఆ తలుపుకు రక్ష.

రక్షను గీసినవాడు పేర్రాజు. గీయడం అనే అంటారిక్కడ, రాయడం అనరు. యంత్రానికి పని చెప్పాలంటే పూర్వం వాక్యాలు వాక్యాలుగా ప్రోగ్రాము రాసేవారట. ఇప్పుడు పలక మీద పెట్టెలు గీసి వాటి మధ్య తీగలు లాగుతారు. ఒక పెట్టెలోంచి వచ్చిన కొలత తీగ వెంట నడిచి ఇంకో పెట్టెలోకి పోతుంది. పదేపదే అవసరమయ్యే పనిని ఒక చిన్న పెట్టెలో మూసిపెట్టి, కావలసినప్పుడల్లా దాన్ని పిలుస్తారు. సబ్‌రొటీన్ అని దాని పాత పేరు, లోయపేటలో పనిపెట్టె అంటారు. రక్ష అలాంటి ఒక పనిపెట్టె.

గాలి వేగం, దుమ్ము, గాలిచొక్కా బిగువు, నడిచేవారి నాడి, ఇవన్నీ అది చూస్తుంది. వీటితోపాటు పేర్రాజు ఇంకొకటి కలిపాడు. అదే అతని కొత్త కల్పన. ఇంట్లోవాళ్ళ గొంతు! కొలతలకు అందని ప్రమాదం కన్నకడుపుకు ముందు తెలుస్తుందని అతని నమ్మకం. అందుకని ప్రతి వంటింట్లోనూ గోడకు ఒక మీట పెట్టించాడు. నొక్కి ఏ సంగతైనా అడగవచ్చు, చెప్పవచ్చు. బయట నడిచేవారి హెల్మెట్‌లోనూ అలాంటి మీటే ఉంటుంది, ఇంటి పిలుపు వాళ్ళ చెవిలో వినిపిస్తుంది. రక్ష మాటలు వింటుంది, మాటల వెనక వణుకునూ వింటుంది, అన్నీ కూడి ఒక అంకె చెబుతుంది. ఆ అంకె పేరు జంకు. అరవై లోపైతే తలుపు తెరుచుకుంటుంది. దాటితే తెరుచుకోదు. మనిషి బయట ఉండగా దాటిందా, వెనక్కి రమ్మని పిలుస్తుంది.

తరళకు రోవరు బళ్ళు నడపాలని కోరిక. ఆ బడిలో చేరాలంటే ఒంటరిగా ఎర్రస్తంభం దాకా నడిచి, దాని మీద చెయ్యి ఆన్చి రావాలి. దుమ్ముకాలం మొదలైతే ఆర్నెల్లు తలుపు తీయరు. అప్పటికి పిల్లకు వయసు మీరిపోతుంది. ఆ తరువాత అమ్మలాగే పుట్టగొడుగుల అరల్లో నీళ్ళు చల్లుకుంటూ బతకాలి.

పిల్ల వెళ్ళకపోతే బాగుండునని మాణిక్యం మనసులో సగం కోరుకుంటూనే ఉంది. మిగతా సగానికి మాత్రం నిప్పు అంటుకుంది. నా పిల్లనే ఎందుకు ఆపుతోంది? పక్కింటి సూరీడమ్మ కొడుకు చలపతి నిక్షేపంగా వెళ్ళొచ్చాడట. ఆ తల్లి నాలుగు వీధుల్లోనూ చెప్పుకుంది. ఎదురింటివాళ్ళ పిల్లా వెళ్ళిందట. ఎవరినడిగినా మావాళ్ళకేం అంటున్నారు. బడిలో ఖాళీలు తక్కువ. పేర్రాజుకు మేనకోడలు ఉంది. అంటే? సూరీడమ్మ చూపు కూడా మంచిది కాదు. మొన్న తరళ కొత్త చొక్కా వేసుకుంటే ఆపాదమస్తకం చూసింది. అనుమానం ఒకసారి గుమ్మంలోకి వస్తే పీట వేయకపోయినా కూర్చుంటుంది.

మంచుగనిలో పనిచేసే భర్త ఏడాదికి రెండుసార్లు వస్తాడు. చెప్పుకునేందుకు ఇంట్లో ఇంకెవరున్నారు? మాణిక్యానికి వంటింటి మీటే దిక్కు. పోపు వేస్తూ ఒకసారి నొక్కుతుంది. "గాలెలా ఉంది రక్షా?" కూర దించుతూ ఒకసారి. "గాలిచొక్కా చంక దగ్గర కుట్టు పాతదైపోయింది, తెలుసా?" గిన్నెలు సర్దుతూ ఒకసారి. "అడుగుతున్నానని కాదుగానీ, స్తంభం దగ్గర నేల కుంగుతుందంటారు, నిజమేనా?"

ఆ రోజు కూడా అలాగే నొక్కింది. రక్ష ఎప్పటిలాగే మర్యాదగా పలికింది.

"నమస్కారం మాణిక్యంగారూ. మెడపట్టీ దగ్గర పగులు ఇంకా అలాగే ఉందా?"

మాణిక్యం చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏ పగులు? నేనెప్పుడు చెప్పాను పగులు సంగతి?"

"మీ పిలుపు నమోదైంది. ఇంకేమైనా చెప్పాలా?"

మీట మీంచి వేలు తీసేసి, రెండడుగులు వెనక్కి వేసింది. గాలిచొక్కా తెచ్చి మెడపట్టీ చుట్టూ గోటితో తడిమి చూసింది. పగులు లేదు. గీత కూడా లేదు. అయితే అది ఎవరి మాట?

దానికి జవాబు ఆ మధ్యాహ్నమే గుమ్మంలోకి నడిచొచ్చింది, చేతిలో చిన్న గిన్నెతో.

"వదినా, కాస్త తోడు పెడతావా? మా ఇంట్లో పెరుగు విరిగినట్టయింది," అంది సూరీడమ్మ.

లోయపేటలో తోడు అడిగితే లేదనరు. మొదటి ఓడలో ఒకావిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గిన్నెడు పెరుగే, చేతులు మారి మారి, ఈనాటికీ అందరి ఇళ్ళలో తోడుకుంటోంది. పెరుగుగిన్నె అడుగంటా ఊడ్చి కడిగేయడం ఇక్కడ మహా తప్పు. ఎంత ఆకలేసినా చెంచాడు మిగల్చాలి. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకపోవడం మామూలే. పట్టపగలు అడిగితే ఏం చెబుతుంది? మాణిక్యం చెంచాతో తీసి వేస్తూ, పైకి చూడకుండా అడిగింది.

"మీ చలపతి గాలిచొక్కాకేమైనా పగులొచ్చిందా వదినా?"

సూరీడమ్మ చేతిలో గిన్నె ఒరిగింది. "నీకెవరు చెప్పారు? నేను రక్షకు తప్ప పురుక్కి కూడా చెప్పలేదే!"

"ఎప్పుడు చెప్పావు?"

"ఇందాకే. పొద్దున్న."

"మరి వాడు పోయిన నెలలోనే నడిచొచ్చేశాడన్నావు! ఇప్పుడు పగుళ్ళెందుకు వెతుకుతున్నట్టు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సూరీడమ్మ పమిట సర్దుకుంది. "పెద్ద లాయరువే నువ్వు. పెరుగు తోడుకోవాలి, వెళ్ళొస్తా," అంటూ వెనక్కి చూడకుండా పోయింది.

మాణిక్యానికి ఒకటి అర్థమైంది. ఈ యంత్రం ఒకరింటి మాట ఇంకొకరింటికి మోస్తోంది.

పేర్రాజు గీతలగది బయటి తలుపు పక్కనే ఉంటుంది. నాలుగు గోడల నిండా పెట్టెలూ తీగలూ, రంగురంగుల ముగ్గుల్లా వెలుగుతూ ఉంటాయి. ఏభై దాటిన మనిషి, అప్పుడే స్నానం చేసి బొట్టు పెట్టుకున్నట్టు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాడు. మాణిక్యం చెప్పిందంతా విని నవ్వాడు.

"రక్షకు చాడీలు చెప్పడం రాదు అక్కగారూ. దానికి నిన్న లేదు. మీరు మీట నొక్కినప్పుడు పుడుతుంది, అంకె చెప్పి పోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ కొత్తగా పుడుతుంది."

"అలాగా! అయితే నా ఎదురుగా ఒక పని చెయ్యండి బాబూ. ఆ మీట నొక్కి, మీ పెరట్లో తొండ దూరిందని చెప్పండి."

"ఇక్కడ తొండలెక్కడివండీ?"

"అందుకే చెప్పమంటున్నాను. ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనడానికి లేదు."

అతను నవ్వుతూనే నొక్కాడు, చెప్పాడు. పక్క గోడకున్న రెండో మీట మాణిక్యం నొక్కింది.

"నమస్కారం మాణిక్యంగారూ. తొండ బయటికి పోయిందా?"

పేర్రాజు నవ్వు అక్కడే ఆగిపోయింది. గబగబా గోడ దగ్గరికెళ్ళి రక్ష పెట్టెను వేళ్ళతో విప్పాడు. లోపల ఒక పెద్ద చదరం, దాని అంచుల మీద రెండు చిన్న గుర్తులు. వాటి వెంట వేలు నడిపాడు.

"ఏంటండీ అది? నాకర్థమయ్యేట్టు చెప్పండి."

"ఇది చుట్టండీ. పని ఒక చుట్టు తిరగగానే ఆ ఫలితాన్ని కుడి అంచున పెడుతుంది. తరువాతి చుట్టులో అది ఎడమ అంచున కనిపిస్తుంది. షిఫ్ట్ రిజిస్టర్ అని అసలు పేరు. మేం తోడుగిన్నె అంటాం. నిన్నటి చెంచాడు ఇవాళ్టి పాలలో వేసినట్టే కదా." అతని వేలు ఎడమ అంచు మీద ఆగింది. "ఇక్కడ బయటినుంచి ఒక తీగ తెచ్చి సున్నా కలపాలి. కలిపితే ప్రతి పిలుపూ కడిగిన గిన్నెతో మొదలవుతుంది. కలపకపోతే పోయిన పిలుపులో మిగిలింది మిగిలినట్టే ఉంటుంది. అంకె ఉంటుంది, దాని కారణమూ ఉంటుంది."

"కలపలేదా?"

"కలపలేదు."

"ఎవరు గీశారు?"

"నేనే." పేర్రాజు మొహం కందిపోయింది. "మొదటిరోజు గిన్నె ఎలాగూ ఖాళీయే కదా. పరీక్షలన్నీ సరిపోయాయి. సున్నా కలపబోతుంటే మా అమ్మ గుర్తొచ్చిందండీ. తోడుగిన్నె కడిగి బోర్లించకురా, ఇంటికి అరిష్టం అనేది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఇంకో తప్పు కూడా ఉంది. ఇంటింటికీ వేరే పెట్టె పెడితే చోటు చాలదని, ఊరంతటికీ ఒకటే పెట్టె పెట్టాను. అందరి పిలుపులూ అదే గిన్నెలో పడుతున్నాయి."

మాణిక్యం కుర్చీలో కూలబడింది. అయితే తరళ గాలిచొక్కా తప్పు కాదు, తరళ నాడి తప్పు కాదు. ఊళ్ళో ఎవరో భయపడి పోసింది తన పిల్ల నెత్తిన పడుతోంది! రోజురోజుకూ పేరుకుని, పులిసి, అరవై దాటేసింది.

"ఎవరు? నా పిల్లను ఆపుతున్నదెవరో నాకు తెలియాలి."

"ఎవరైతే ఏం లెండి, సాయంత్రానికి బాగుచేస్తాను."

"కాదు. తెలియాలి. సాక్షిదీపమో ఏదో ఉందంటారుగా మీ దగ్గర?"

ఉంది. తీగ మీద పెడితే ఆ తీగలో ఏం పారుతోందో, ఎక్కడినుంచి వస్తోందో చూపించే చిన్న దీపం. ఆమె పోరు పడలేక పేర్రాజు దాన్ని గిన్నెకు తగిలించి, ఒకరోజు ఆగమన్నాడు.

మర్నాడు వెళితే అతను తలెత్తి చూడలేదు. "వదిలేయండి అక్కగారూ. బాగుచేసేశాననుకోండి."

"మీ మేనకోడలి ఇల్లా?"

"కాదండీ."

"మరి దాస్తున్నారేం?"

అతను గోడ మీది వెలుగు ఆర్పేశాడు. దాంతో మాణిక్యానికి సందేహం తీరిపోయింది. దాస్తున్నాడంటే తనవాళ్ళే! ఊరికూటమి జరిగే సాయంత్రం, అందరి మధ్యా లేచి నిలబడి, రక్ష గుట్టంతా విప్పేసింది. తొండ సంగతితో సహా చెప్పింది.

ముందుగా సూరీడమ్మే ముక్కు చీదింది. "మావాణ్ణి కూడా ఆపేసింది వదినా. నాలుగుసార్లు. సిగ్గేసి చెప్పలేదు."

"మా పిల్లనీ," అంది ఎదురింటావిడ.

"మావాణ్ణీ."

ఒక్కొక్కరే. ఆ ఏడాది ఊళ్ళో ఒక్క పిల్లా గడప దాటలేదు. ప్రతి తల్లీ తన పిల్లనొక్కదాన్నే ఆపారనుకుని, పక్కింటివాళ్ళను అనుమానిస్తూ, పైకి నవ్వుతూ తిరిగింది. ఇప్పుడా సిగ్గంతా ఒక్కసారిగా కోపమైంది.

"ఎవరో చెప్పవయ్యా పేర్రాజూ! ఊరి పిల్లల నోట్లో మట్టి కొట్టిందెవరో చూడాలి!"

"చూడొద్దమ్మా. నామాట వినండి."

"చూపించాల్సిందే!" అని అందరికంటే గట్టిగా అరిచింది మాణిక్యం.

పేర్రాజు ఆమె వంక ఒకసారి చూసి, గోడను వెలిగించాడు. ఇంటికొక రంగు. ఏ ఇంటి భయం ఎంత పడిందో గిన్నెలో అంత మేర ఆ రంగు. సూరీడమ్మది ఆకుపచ్చ, అడుగున సన్నటి గీత. ఎదురింటిది ఎరుపు, దారమంత. మిగతా గోడంతా, నేల నుంచి కప్పు దాకా, ఒకటే పసుపు.

"పసుపు ఎవరిది?" ఎవరో అడిగారు.

మాణిక్యానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తన మీట కింద అంటించిన పసుపు చుక్కను ఆమె రోజూ చూస్తూనే ఉంది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తరళ వచ్చి చెయ్యి పట్టుకుని, "పద అమ్మా," అంది. ఇంటికొచ్చాక మాణిక్యం పాత తువ్వాలు తెచ్చి మీట మీద కప్పి, దారంతో గట్టిగా కట్టింది.

పేర్రాజు ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎడమ అంచుకు సున్నా కలిపాడు. ఇంటింటికీ వేరే పెట్టె పెట్టాడు. ఇకమీదట ఎవరి గిన్నె వారిదే. నడక మొదలయ్యేటప్పుడు గిన్నె సున్నా. ఆ నడక అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళ పిలుపులే అందులో పడతాయి. నడక లేని వేళల్లో ప్రతి పిలుపూ కొత్తదే.

"మీరు పిలవకపోతే చాలు అక్కగారూ," అన్నాడు, ఎంతో మెత్తగా. "గాలి బాగుంది, చొక్కా బాగుంది. తరళ వెళ్ళొచ్చేస్తుంది."

"నా నోరు కుట్టేసుకుంటాను," అంది మాణిక్యం.

దుమ్ముకాలం దగ్గర పడింది. తరళ తలుపు ముందు నిలబడింది. జంకు సున్నా. తలుపు తెరుచుకుంది. పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఎర్రటి వెలుతురులోకి అడుగుపెట్టింది.

మాణిక్యం ఇంటికి వచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా తువ్వాలు కప్పిన మీట. పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు మలుపు దాటి ఉంటుంది. ఇప్పుడు రాళ్ళ దగ్గర. చంక దగ్గర కుట్టు ఊడితే? ఊడదు. కాలు మడత పడితే? చెయ్యి తనంతట తానే లేచింది. ఇంకో చేత్తో దాన్ని పట్టి ఒళ్ళో పెట్టుకుంది.

గుమ్మం దగ్గర అలికిడైంది. సూరీడమ్మ, వెనక ఎదురింటావిడ, ఇంకో ఇద్దరు.

"వదినా, పిల్ల ఎలా ఉంది?"

"నేను పిలవలేదు."

"ఒక్కసారి కూడానా?" సూరీడమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మో! నువ్వే పిలవలేదంటే నాకు భయమేస్తోందే. ఒక్కసారి నొక్కవే!"

"నొక్కను."

"కీడెంచి మేలెంచమని నువ్వేగా అంటావు?"

"ఇవాళ నా నోటికి సెలవు. మీరు కూడా కూర్చోండి. ఎవరూ మాట్లాడకండి."

అందరూ చుట్టూ కూర్చున్నారు. మాట లేదు. కుండలో పాలు తోడుకుంటున్నంత నిశ్శబ్దం. మాణిక్యం జీవితంలో అంత కష్టమైన పని ఎప్పుడూ చేయలేదు. అయినా చేసింది. తువ్వాలు ముడి విప్పలేదు.

అంతలో ఊరంతటికీ వినిపించేలా తలుపు గంట మోగింది. నడిచేవారిని వెనక్కి పిలిచే గంట.

చెప్పుల్లేకుండా పరుగెత్తింది మాణిక్యం. తలుపు దగ్గర పేర్రాజు గోడకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. "మీరు నొక్కారా?" అన్నాడు.

"నా బిడ్డ మీద ఒట్టు! వీళ్ళందర్నీ అడగండి!"

"నాకూ అదే అర్థం కావడంలేదు. గాలి బాగుంది. చొక్కా బాగుంది. జంకేమో అరవై నాలుగు. రక్షా, ఈ ఇంటి గిన్నెలో ఏముంది?"

"వంటింటి పిలుపులు లేవు," అంది రక్ష. "నడిచేవారి పిలుపులు ఉన్నాయి. పదకొండు."

లోపలి తలుపు తెరుచుకుంది. తరళ హెల్మెట్ లాగేసి, ఒంటి నిండా దుమ్ముతో వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, నీకేం కాలేదు కదా?"

"నాకేమవుతుందే?"

"ఒక్కసారి కూడా పిలవలేదేం? మలుపు దాకా చూశాను. రాళ్ళ దాకా చూశాను. చెవిలో చప్పుడు లేదు. నువ్వు పిలవకుండా ఎప్పుడైనా ఉన్నావా? కుప్పకూలిపోయావేమో, పొయ్యి దగ్గర పడిపోయావేమో అనుకున్నాను. అమ్మ బాగుందా, అమ్మ బాగుందా అని దాన్ని అడుగుతూనే ఉన్నాను." పిల్ల ఎక్కిళ్ళు పెట్టింది. "స్తంభం కనిపించిందమ్మా. దాని నీడ నా కాళ్ళ మీద పడింది కూడా. ఈలోగా వెనక్కి రమ్మంది."

పేర్రాజు గోడ మీది ఎడమ అంచు వైపు చూశాడు. సున్నా తీగ సరిగ్గానే ఉంది. అతను గీసిన దాంట్లో ఇక సరిచేయడానికి ఏమీ లేదు.

"ఇంకా రెండ్రోజులు గడువుంది," అన్నాడు చివరికి. "రేపు మళ్ళీ ప్రయత్నిద్దాం. మీరు అస్సలు పిలవకపోయినా కుదరదు. ఒకసారి పిలవండి అక్కగారూ. మామూలుగా."

"మామూలుగా అంటే?"

అతనికీ తెలియలేదు.

ఇంటికొచ్చి, తువ్వాలు విప్పి, మీట ముందు నిలబడింది మాణిక్యం. కిటికీలో ఆకాశం అప్పుడే నీలమవుతోంది. ఏం అడిగితే భయం ఉండదో చాలాసేపు ఆలోచించుకుంది. చివరికి నొక్కింది.

"తరళా, అన్నంలోకి ఆవకాయా, నిమ్మకాయా?"

"నమస్కారం మాణిక్యంగారూ. జంకు నలభై ఆరు," అంది రక్ష.

గొంతు సవరించుకుంది. మళ్ళీ నొక్కింది. "తరళా, ఆవకాయా, నిమ్మకాయా?"

"నమస్కారం మాణిక్యంగారూ. జంకు ముప్పై తొమ్మిది."

దానికి ప్రతిసారీ మొదటిసారే. విసుగు లేదు, ఇందాకటి సంగతి గుర్తు లేదు. ఇరవై తొమ్మిది దాకా దించింది. ఇంకోసారి నొక్కబోతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"నిమ్మకాయ."

తలుపుకు ఆనుకుని తరళ. ఎంతసేపటి నుంచి ఉందో! "నువ్వు అడిగే తీరు చూస్తే ఆ జాడీలో ఏ పామో దూరిందని భయమేస్తోందమ్మా," అని పకపకా నవ్వింది. మాణిక్యానికీ నవ్వొచ్చేసింది. ఇద్దరూ గోడకు చేరగిలబడి నవ్వారు. ఆ నవ్వులో మాణిక్యం వేలు మీటను నొక్కేసి, అక్కడే ఉండిపోయింది.

"జంకు పన్నెండు," అంది రక్ష.

అంత తక్కువ ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మాణిక్యం నవ్వు ఆపి, కూతురి మొహంలోకి తేరిపార చూసింది. కళ్ళ కింద తడి ఇంకా ఆరలేదు.

"నిజంగానే నవ్వుతున్నావా తల్లీ?" అని అడిగింది.

"జంకు యాభై," అంది రక్ష.